గార్నెట్ మీడర్ ఎడమ కాలు

గార్నెట్ మీడర్ పెదవి విరవడమే ఉద్యోగంగా బతికినవాడు. అమెరికాలోని కెంటకీలో బర్లీ రకం పొగాకు వేలంపాటలు జోరుగా సాగిన రోజుల్లో అతను ప్రభుత్వ గ్రేడరు. గోడౌన్లో రైతులు వరసగా పేర్చిన బేళ్ల మధ్య ఆగకుండా నడుస్తూ, ఓ ఆకు లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, రకం పలికేవాడు. వెనకొచ్చే గుమాస్తా దాన్ని చీటీ మీద రాసేవాడు. ఒక కుటుంబం ఏడాదంతా నడుం వంచి పండించిన పంట తలరాత ఆ చిటికెడు వాసనలో తేలిపోయేది. రైతు ఏదో చెప్పబోయేసరికి గార్నెట్ రెండు బేళ్లు దాటిపోయి ఉండేవాడు.

తర్వాత వేలంపాటలు ఆగిపోయాయి. పొగాకు వేసిన నేలల్లో సోయా వేశారు. గార్నెట్ రిటైరయ్యాడు కాని ఆ నడకా ఆ చూపూ రిటైరు కాలేదు. నలపడానికి ఆకు దొరక్క కార్ల మీద పడ్డాడు.

అతనుండే బౌలింగ్ గ్రీన్ ఊళ్లో అందుకు కొదవేముంది. కార్వెట్లనే రెండు సీట్ల స్పోర్ట్సు కార్లు తయారయ్యేది ఆ ఊళ్లోనే. ఫ్యాక్టరీకి ఎదురుగా ఆ కార్ల మ్యూజియం. పదేళ్ల కిందట ఆ మ్యూజియంలో నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడ్డప్పుడు ఊరంతా ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. గార్నెట్ మాత్రం టీవీ ముందు కూర్చుని పడ్డ కార్ల పేర్లన్నీ విని, "ఆ అరవై రెండు మోడల్ ఒక్కదాన్నే పైకి తీసి, మిగతావాటి మీద మట్టి పోసెయ్యండి" అన్నాడు.

బారెన్ రివర్ కార్వెట్ క్లబ్బుకి అతనే పెద్ద జడ్జి. ఆ పదవి ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ కాదనలేదు, అంతే.

ఈ క్లబ్బుల్లో జరిగే పోటీ తీరే వేరు. కారు ఎంత బాగుందన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉందా అన్నదే లెక్క. అరవై ఏళ్ల కిందట తలుపు అడుగున రంగు కాస్త చారలు కట్టి బయటికొచ్చిందనుకోండి, ఇవాళ ఆ చార ఉండితీరాలి. నున్నగా తీర్చి మెరిపించినవాడికి మార్కులు కోత. అందుకని మనవలున్న పెద్దమనుషులు సన్నటి కుంచె పట్టుకుని నేల మీద చతికిలబడి, కొత్తగా వేయించిన రంగు మీద పాత చార గీస్తారు. అది నిజం చారలాగే కారిందా లేదా అని చూడటానికి ఇంకో పెద్దమనిషి టార్చిలైటుతో కారు కిందికి దూరతాడు. ఆ దూరే పెద్దమనిషి గార్నెట్. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏదైనా ఉందని అతనికి ఒక్కసారీ తట్టలేదు.

క్లబ్బువాళ్లు గురువారం గురువారం మధ్యాహ్నం భోజనానికి కలిసేవారు. పల్చగా కోసి కాల్చిన పంది భుజం మాంసాన్ని మిరపకాయలు నానిన వెనిగర్లో ముంచి ఇచ్చే పాక ఒకటి గ్లాస్గో రోడ్డు మీద ఉంది. అక్కడ గార్నెట్ నోరు కార్వెట్ల వంశవృక్షం మొత్తం ఎక్కి దిగేది.

"యాభైల మోడళ్లు పెళ్లికూతురి చెప్పులు. చూడ్డానికి బానే ఉంటాయి, నడవడానికి పనికిరావు. అరవై మూడు నించి అరవై ఏడు దాకా వచ్చింది చూడండీ, అదీ కారు. అక్కడితో దేవుడు చేతులు కడుక్కుని పడుకున్నాడు. తర్వాతిది చొక్కా గుండీలు విప్పుకు తిరిగేవాళ్ల కారు. ఇక ఎనభైల్లో వచ్చిందంటారా..." అని డెంజిల్ స్కాగ్స్ వైపు తిరిగేవాడు.

డెంజిల్‌ది ఎనభై అయిదు మోడల్. దాని డాష్‌బోర్డు మీద ముళ్లుండవు, అంకెలు వెలుగుతాయి. కరెంటు పనులు చేసి రిటైరైన మనిషి, గార్నెట్‌కి నలభై ఏళ్ల స్నేహితుడు. నలభై ఏళ్లుగా ఒకే తిట్టు తింటున్నాడు.

"...క్యాలిక్యులేటర్‌కి చక్రాలు."

"నా క్యాలిక్యులేటర్లో ఏసీ ఉందిరా గార్నెట్. నీ దేవుడు పడుకునే తొందర్లో అది పెట్టడం మర్చిపోయాడు" అనేవాడు డెంజిల్, మాంసం నమలడం ఆపకుండా.

"ఏసీ కావాల్సినవాడు ఫ్రిజ్జులో కూర్చోవచ్చు. తొంభైల మోడల్ సంగతి చెప్పనా? దాని వెనక భాగం చూస్తే మా పెద్దత్త గుర్తొస్తుంది. ఆ తర్వాతది రెప్పలు లేకుండా పుట్టింది, రాత్రీ పగలూ లైట్లు బయటే. దాని తర్వాతది ఏడ్చి కాటుక కార్చుకున్న మొహం. ఇప్పుడొస్తోంది చూశారూ..."

ఇక్కడ అందరి కళ్లూ డాక్టర్ ప్రెస్టన్ కాయిల్ మీదికి వెళ్లేవి. పిల్లల వంకర పళ్లకి తీగలు బిగించే డాక్టరు. నారింజ రంగు కొత్త కార్వెట్ కొన్నాడు. దానికి జతగా నారింజ చొక్కా, నారింజ టోపీ, నారింజ బూట్లు కొన్నాడు. ఎండలో నిలబడితే రోడ్డు పనివాడేమో అని వాహనాలు నెమ్మదించేవి.

"ఇంజిను తీసుకెళ్లి వీపు వెనక పెట్టారు. గేరు కర్ర పీకేశారు. క్లచ్ తీసి అవతల పారేశారు. ఉన్నవి రెండు పెడళ్లు. రెండు పెడళ్లున్నదాన్ని గోల్ఫ్ బండి అంటారు డాక్టరుగారూ. కార్వెట్ నడిపేవాడి ఎడమ కాలికి పని ఉండాలి."

"మీడర్ గారూ, నా గోల్ఫ్ బండి వంద మైళ్ల వేగం అందుకునేసరికి మీరింకా సీటు బెల్టు వెతుక్కుంటూ ఉంటారు" అనేవాడు కాయిల్, తన సొంత పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ.

"అరవై మూడులో సీటు బెల్టు వెతుక్కోనక్కర్లేదు బాబూ. బతకడం తెలిసినవాళ్లు నడిపేవాళ్లు."

అతని అరవై మూడు మోడల్ ముదురు నీలం రంగుది. వెనక అద్దాన్ని నిలువునా రెండుగా చీల్చే పట్టీ ఆ ఒక్క ఏడాదే వచ్చింది. ఆ పట్టీ వల్ల వెనక ఏమీ కనబడదు. అందుకే మరుసటి ఏడు తీసేశారు, అందుకే ఇప్పుడు దానికంత గిరాకీ. దాన్ని మించిన గొప్ప ఇంకోటి ఉంది. ఆ కారు ముక్కు ఎన్నడూ దేనికీ కొట్టుకోలేదు. వీటి ఒళ్లు ఇనుపరేకు కాదు, ఫైబర్. గుద్దుకుంటే సొట్ట పడదు, పగులుతుంది. అప్పుడు ముక్కు కోసేసి మరోటి అతికించాలి. ఇన్నేళ్లలో ముక్కు అతికించని కార్లు వేళ్ల మీద లెక్క. క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాడినీ గార్నెట్ ముందు చక్రం పక్కన నేల మీద పడుకోబెట్టి, లోపలి అతుకుల్ని టార్చి వేసి చూపించేవాడు. బారసాలలో బిడ్డను చూపించే తండ్రికి కూడా అంత గర్వం ఉండదు.

ఆ కారులో పక్క సీటు ట్వైలా మీడర్‌ది.

ట్వైలా బడిపిల్లల వంటశాల నడిపి రిటైరైంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ నీలం కారు స్టీరింగు మీద ఆమె చెయ్యి పడలేదు. "నీకు క్లచ్ మీద చెయ్యి తిరగలేదు" అనేవాడు గార్నెట్. క్లచ్ మీద తిరగాల్సింది చెయ్యి కాదని ఆమె అనేది. ఆగస్టులో ఆ కారులో ఎక్కడికైనా వెళ్లడమంటే మూత పెట్టిన మూకుడులో కూర్చోవడమే. ఇంజిను వేడి కాళ్ల దగ్గరికి తన్నుకొచ్చేది. పెట్రోలు వాసన జుట్టుకి పట్టేది. డిక్కీకి బయటి నుంచి తలుపు లేదు కాబట్టి పెట్టె తీయాలంటే సీటు మడిచి, లోపలికి పాకి, వెనక్కి జారుతూ బయటికి రావాలి. పాకేది ట్వైలా. అద్దం తుడుస్తూ నిలబడేది గార్నెట్. దిగిన ప్రతిచోటా మగవాళ్లు చుట్టూ మూగి "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అనేవారు ఆమెతో.

మొన్నటి ఏడు ఆమె పిన్ని తాలూకు పొలం అమ్మితే వాటా వచ్చింది. ట్వైలా ఎవరికీ చెప్పకుండా బ్యాంకుకి వెళ్లి, అక్కణ్నించి షోరూముకి వెళ్లి, తెల్ల రంగు కొత్త కార్వెట్ నడుపుకుంటూ ఇంటికొచ్చింది. గార్నెట్ వాకిట్లో నిలబడి చూశాడు.

"ఎవరిదది?"

"నాది."

"వెనక్కిచ్చెయ్."

"లోపల చల్లగా ఉంది గార్నెట్. సీటు కూడా చల్లగానే ఉంది. సీట్లోంచే గాలి వస్తోంది. నలభై ఏళ్లు నా వీపు నువ్వు వేయించావు. ఇక దాన్ని ఆరబెట్టుకుంటా."

"అది కార్వెట్ కాదే."

"మంచిది. అయితే నీ క్లబ్బు వాళ్లెవరూ చుట్టూ మూగరు."

గార్నెట్ దాన్ని గరాజులోకి రానివ్వలేదు. ఆమె పెకాన్ చెట్టు కింద నిలిపేది. పిట్టలు దాని మీద రెట్ట వేస్తే, పిట్టలకి ఆపాటి తెలివి ఉందని గార్నెట్ సంతోషించేవాడు.

ఆ జూన్‌లో అతని ఎడమ మోకాలు అరిగిపోయి లోహంతో చేసినది బిగించారు. ఎముకల డాక్టరు నడవమన్నాడు, మెట్లెక్కమన్నాడు, క్లచ్ జోలికి మాత్రం పోవద్దన్నాడు. "ఎన్నాళ్లు?" అంటే, "మీ వయసుకి, ఇంక ఎందుకండీ" అన్నాడు. ఆ కుర్రడాక్టరుకి గార్నెట్ అక్కడికక్కడే మనసులో అట్టడుగు గ్రేడు వేశాడు. ఇంటికొచ్చి గరాజు తలుపు మూసుకుని నీలం కారెక్కాడు. పాత క్లచ్ బరువు పాత క్లచ్‌దే. కాలు సగం దాకా వెళ్లి వణికింది, అక్కణ్నించి కదలనంది. చేత్తో మోకాలిని కిందికి నొక్కి చూశాడు. ఒకసారి కారు గరాజు గోడ వైపు దూకి చచ్చి ఆగింది. ముక్కుకీ గోడకీ మధ్య పిడికెడు చోటు మిగిలింది.

సెప్టెంబరు మొదట్లో పెద్ద ఊరేగింపు. దేశం నలుమూలల నుంచి కార్వెట్లు బారులు కట్టి మ్యూజియంకి వస్తాయి. బారెన్ రివర్ క్లబ్బు వరసలో అన్నిటికంటే ముందుండేది గార్నెట్. మ్యూజియం తెరిచిన నాటి నుంచీ ఆ చోటు అతనిదే. క్లబ్బు కట్టుబాటు ఒకటుంది: ముందుండేవాడు కారు తనే నడపాలి. నడపనివాడికి ముందు చోటు లేదు. ఆ కట్టుబాటు పెట్టిందీ గార్నెట్టే, పక్షవాతం వచ్చిన పాత ప్రెసిడెంటుని వెనక్కి నెట్టడానికి. ఇప్పుడు తన వంతు వస్తే ఆ చోటు ఎవరికి పోతుందో అతనికి తెలుసు. నారింజ రంగు కళ్ల ముందు కదలాడింది. ఈ ఏడు పక్క సీట్లో కూర్చుంటే మరి లేవనివ్వరని కూడా తెలుసు. ఫలానా మీడర్ గారు ఇక నడపలేరట అన్న మాట ఒక్కసారి పుడితే, కిరాణా కొట్టుకి కూడా ఎవరో ఒకరు దించాలి.

ఊరేగింపుకి ముందటి శనివారం, పొద్దున్న బన్నుల్లాంటి మెత్తటి బిస్కట్ల మీద గ్రేవీ పోసుకుంటూ అన్నాడు.

"నీ గోల్ఫ్ బండికి పెట్రోలు ఉందా?"

ట్వైలా కాఫీ దించింది. "ఎందుకు?"

"ఊరికే."

"మోకాలు రానంటోందా?"

"మోకాలికేం, బ్రహ్మాండంగా ఉంది. పాత కారుని ఎండలో అంతసేపు నిలపడం ఎందుకని."

"గరాజులో గోడ మీదికి దూకింది విన్నాను గార్నెట్. నేను చెవిటిదాన్ని కాదు, నీతో కాపురం చేసి అలా నటిస్తున్నా. సూటిగా అడుగు."

గార్నెట్ గ్రేవీ వైపు చూస్తూ అడిగాడు. ట్వైలా ఒప్పుకుంది. వారం రోజులు ఇంటి దగ్గర తిప్పి అలవాటు చేసుకొమ్మంది. తాను పక్కన కూర్చుంటానంది. ఆ మాటకి గార్నెట్ నవ్విన నవ్వుకి చెంచా కూడా జారింది.

"దీనికి అలవాటా? మీట నొక్కితే పోతుంది, తొక్కితే ఆగుతుంది. మా చెల్లెలి కుక్కకి నేర్పొచ్చు."

నీలం కారు తన వెనకే రావాలని పట్టుబట్టాడు. లేకపోతే తన వెనక ఆ పళ్ల డాక్టరుంటాడు. కారు ఎవరికిస్తావంటే చాలా ఆలోచించి డెంజిల్‌ని పిలిచాడు. స్నేహం చూసి కాదు. క్లబ్బులో మిగిలిన పాతకార్లవాళ్లకిస్తే బాగా నడిపామని తర్వాత చెప్పుకుంటారు. డెంజిల్ చెప్పుకోడు.

డెంజిల్ తాళం అరచేతిలో పెట్టుకుని చూశాడు. "నిజంగానా?"

"క్యాలిక్యులేటర్ అనుకోకు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ముందే ఆలోచించుకుని తొక్కాలి. ఆలోచన అంటే తెలుసుగా?"

"నీతో నలభై ఏళ్లు తిరిగానంటే ఆలోచన లేదని ఊరంతా ఎప్పుడో తేల్చేసిందిరా" అన్నాడు డెంజిల్. అన్నాడే గాని కళ్లు తడిసి ఉన్నాయి. పాతకార్ల పిచ్చి అంతే. ఎవడో తయారుచేసిన ప్లాస్టిక్ ఒంటి కోసం ముసలివాళ్లు ఏడుస్తారు.

ఊరేగింపు రోజు ఎండ చిటపటలాడింది. స్కాట్స్‌విల్ రోడ్డు పొడుగునా జనం మడతకుర్చీలేసుకుని, తియ్యటి టీ క్యాన్లు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ముందు తెల్ల కారులో గార్నెట్, పక్కన ట్వైలా. వెనక నీలం కారులో డెంజిల్, చెమటతో ముద్దయి, మొహం వెలిగిపోతూ. వాళ్ల వెనక కాయిల్ నారింజ కారు. ఆ వెనక మిగతా క్లబ్బంతా.

పాతకార్లవాళ్లు తెల్ల కారు కిటికీలో గార్నెట్ తలని చూసి నోళ్లు తెరిచారు. "భార్య ముచ్చట తీరుస్తున్నా" అని చెప్పాడు గార్నెట్. భార్య ముచ్చట ఎన్నడూ తీర్చనివాడు కాబట్టి ఎవరూ నమ్మలేదు.

నిజానికి కారు చక్కగా నడిచింది. అది గార్నెట్‌కి మరీ ఒళ్లు మండించింది. గతుకు తెలియడం లేదు, వేడి లేదు, వాసన లేదు, చప్పుడు కూడా ఎక్కడో వీపు వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టుంది. స్టీరింగు గుండ్రంగా కాక పలకలా ఉంది. ఎడమ కాలు కింద పాదం ఆనించే మెట్టు మీద ఊరికే పడుంది.

"చూశావా, ఎంత హాయిగా ఉందో" అంది ట్వైలా.

"శవపేటిక కూడా హాయిగానే ఉంటుంది."

మ్యూజియం మలుపు దగ్గర జనం చిక్కబడ్డారు. ఎవరో బ్యాండు వాయిస్తున్నారు. "మీడర్! మీడర్!" అని ఒకరిద్దరు అరిచారు. గార్నెట్ గడ్డం పైకెత్తాడు. మలుపు. మలుపంటే గేరు దించాలి. యాభై ఏళ్లుగా అతని ఒళ్లు మలుపులు తిరిగిన పద్ధతిలోనే ఇప్పుడూ తిరిగింది. కుడి చెయ్యి లేని గేరు కర్ర కోసం గాలిని పట్టుకుంది. ఎడమ కాలు, డాక్టరు క్లచ్ జోలికి పోవద్దన్న కాలు, ఉన్న బలమంతా కూడగట్టుకుని క్లచ్ ఉండాల్సిన చోటుకి లంఘించింది. అక్కడ బ్రేకుంది.

కొత్త కారు బ్రేకులు చాలా మంచివి. కారు ఉన్నచోటే పాతుకుపోయింది.

డెంజిల్ తొక్కాడు. పాత డ్రమ్ములు పాత పద్ధతిలో కీచుమంటూ ఆలోచించడం మొదలుపెట్టాయి. ఆలోచన ముగిసేలోగా నీలం ముక్కు తెల్ల కారు వెనక భాగంలోకి వెళ్లింది. పింగాణీ పళ్లెం గచ్చు మీద పడ్డ చప్పుడు. బ్యాండు ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తెల్ల కారుకి వెనక బంపరు చీలింది, అంతే. నీలం కారు ముక్కు ముక్కలై రోడ్డంతా చెల్లాచెదురైంది. అరవై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని ఆ ముక్కు పెంకులు జనం చెప్పుల కింద కరకరలాడాయి. డెంజిల్ దిగి ఒక పెంకు తీసి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

గార్నెట్ తలుపు పట్టుకుని ఎలాగోలా లేచి నిలబడ్డాడు. మొట్టమొదట అతని నోట్లోంచి వచ్చింది అబద్ధం.

"కుక్క. కుక్క అడ్డొచ్చింది."

పక్క సీట్లోంచి ట్వైలా నెమ్మదిగా అడిగింది. "ఏ రంగు కుక్క గార్నెట్?"

"గోధుమ రంగు."

"ఓహో" అంది ట్వైలా. ఆమె కళ్లు మాత్రం అతని ఎడమ కాలి మీద ఉన్నాయి.

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన పోలీసు డెప్యూటీ ఒకామె బందోబస్తులో అక్కడే ఉంది. లోగ్స్‌డన్ అని చొక్కా మీద పేరు. పుస్తకం తీసి గార్నెట్ పేరడిగింది. చెప్పగానే తలెత్తింది.

"పొగాకు గ్రేడరు మీడర్ గారేనా? మా నాన్న మిమ్మల్ని ఇప్పటికీ తలుస్తాడండీ. ఇంట్లో పిల్లలుంటే మాత్రం తలవడు."

తర్వాత డెంజిల్ దగ్గరికి వెళ్లింది. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు, ముందు కారుకి తగినంత ఎడం వదలాలి, అది చట్టం. డెంజిల్ తల ఊపుతున్నాడు.

"నాకు కుక్క కనబళ్లేదమ్మా. కాని గార్నెట్ ఉందన్నాడంటే ఉండే ఉంటుంది. తప్పు నాదే, రాసుకోండి" అని, గార్నెట్ వైపు తిరిగాడు. "ఒరే, నేను తొక్కాన్రా. ముందే తొక్కాను. నమ్ము."

గార్నెట్ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే సరిపోతుంది. డెంజిల్ జరిమానా కడతాడు, రెండు వారాలు నిద్రపోడు, తర్వాత ఎలాగూ తిట్లు తినే మనిషే. గార్నెట్ లైసెన్సు జేబులో ఉంటుంది. వచ్చే ఏడూ ముందు చోటు ఉంటుంది. అంతా నోరు మూసుకోవడంతోనే అయిపోతుంది. అతను జీవితంలో ఎన్నడూ చేయని పని అదొక్కటే.

అయినా కాసేపు మూసుకున్నాడు. కాయిల్ రాకపోయి ఉంటే ఇంకాసేపు కూడా మూసుకునేవాడేమో.

కాయిల్ నారింజ బూట్లతో పెంకులు తొక్కుకుంటూ వచ్చాడు. జనం వింటున్నారని గొంతు పెంచాడు.

"నేను సరిగ్గా వెనకే ఉన్నానండీ, నా కారు ఎంచక్కా ఆగింది. మీడర్ గారి కొత్త కారూ కుక్కని చూసి ఎంచక్కా ఆగింది. ఆగనిది ఏది? ఇది! అరవై ఏళ్ల నాటి తుక్కు. దీనికి బ్రేకులనేవి పేరుకే. ఇలాంటివాటిని రోడ్డెక్కనివ్వడమే తప్పు. వచ్చే ఏటి నుంచి పాతవాటిని లారీ మీదెక్కించి చివర తీసుకొద్దాం. మీడర్ గారే చివరికి తెలుసుకున్నారు, అందుకే దీన్ని వదిలి కొత్తదెక్కారు. అవునా సార్?" అని గార్నెట్ భుజం తట్టాడు.

గార్నెట్ మొహం కందగడ్డయింది.

"చెయ్యి తియ్."

"సార్?"

"చెయ్యి తియ్ ముందు. తుక్కా? దాని బ్రేకులకేమైంది? అవి ఎలా పట్టాలో అలాగే పట్టాయి. నీ గోల్ఫ్ బండి ఆగిందీ అంటే అది గొప్పా? దానంతటదే ఆగుతుంది, దానంతటదే పోతుంది, నువ్వు లోపల సామాను. కుక్కా లేదు గిక్కా లేదు. నేను తొక్కాను. ఈ కాలు" అని ఎడమ తొడ మీద చరిచాడు, "ఈ కాలితో తొక్కాను. క్లచ్ అనుకుని తొక్కాను. క్లచ్ ఉండాల్సిన చోట క్లచ్ పెట్టని వెధవలు తయారుచేసిన కారు ఇది. ముందు పోయే బండి నడిరోడ్డు మీద మేకు దిగ్గొట్టినట్టు ఆగితే వెనకవాడేం చేస్తాడు, ఎగురుతాడా?"

గార్నెట్ డెంజిల్ వైపు తిరిగాడు.

"నువ్వు తొక్కావు. కీచుమనడం విన్నాను. ఆలస్యంగానే తొక్కావు, అది వేరే సంగతి."

"ఆలస్యం కాదురా" అన్నాడు డెంజిల్.

"ఆలస్యమే. కాని తప్పు నీది కాదు. ఆ పెంకు అక్కడ పెట్టు, ఏడుపు మొహమూ నువ్వూ."

డెప్యూటీ పుస్తకంలో రాసింది కొట్టేసింది. మోకాలి సంగతి అడిగింది, ఎప్పుడు మార్పించారో అడిగింది, డాక్టరు ఏమన్నాడో అడిగింది. ఇంతదూరం వచ్చాక అబద్ధాలు వెతుక్కునే ఓపిక గార్నెట్‌కి లేదు. ఆమె విని, మర్యాదగానే చెప్పింది: లైసెన్సు మళ్లీ పరీక్షకి రాస్తానని, ఆ పరీక్ష అయ్యేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని.

"మీ నాన్న పంట ఏ గ్రేడు వేశాను?" అని అడిగాడు గార్నెట్.

"చెప్పుకునేది కాదండీ."

"అయితే సరిగ్గానే వేసి ఉంటాను" అంటూ తాళం ట్వైలా చేతిలో పెట్టాడు.

కాయిల్‌కి ఇంకా ఆశ చావలేదు. కట్టుబాటు ప్రకారం నడపనివాడికి ముందు చోటు లేదు కదా, నేను ముందుకు రానా అని అడిగాడు. ట్వైలా అప్పటికే స్టీరింగు వెనక కూర్చుని సీటు ముందుకి జరుపుకుంటోంది. "నడిపేది నేను బాబూ. కారు నాది. వెనకే రా, ఎడం వదులు" అంది.

నీలం కారుని లాక్కుపోయే లారీ వచ్చింది. అది మ్యూజియం మీదుగానే పోతుందని డెంజిల్ అందులో ఎక్కాడు. బ్యాండు మళ్లీ మొదలైంది. చీలిన బంపరు ఓ పక్క ఊగుతుండగా తెల్ల కారు మలుపు తిరిగింది. కొత్త కార్వెట్లో ఇద్దరి సీట్ల మధ్యా నిలువుగా మీటల వరస ఒకటి గోడలా ఉంటుంది. ఆ గోడకి అవతలి వైపు ఎలా ఉంటుందో గార్నెట్ మొట్టమొదటిసారి చూస్తున్నాడు. ఏ మీట ఏమిటో తెలియక ఒకటి నొక్కాడు. సీటు వేడెక్కడం మొదలుపెట్టింది. ఎలా ఆపాలో ట్వైలాని అడగలేదు.

"మలుపు మరీ వెడల్పుగా తిప్పావు."

"ఊఁ."

"ఆ గుంపుకి అంత దగ్గరగా పోతారా ఎవరైనా?"

"పరీక్షకి వెళ్తావా గార్నెట్?"

గార్నెట్ కిటికీలోంచి చూశాడు. మడతకుర్చీల్లో జనం అతనికి చేతులు ఊపుతున్నారు.

"పాతికేళ్లు నిండనివాడొకడు అట్ట పట్టుకుని పక్కన కూర్చుని నాకు మార్కులేస్తాడా? అంతకన్నా నడిచిపోతాను."

"అయితే తాళం నా దగ్గరే ఉంటుంది."

"ఉంచుకో. ఈ కారుకి తాళం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. బుద్ధున్న దొంగ ముట్టుకోడు."

మ్యూజియం ముందు ట్వైలా కారు గీతల మధ్య తిన్నగా నిలిపింది. సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంది. కొత్త మోకాలు వంగింది గాని ఈసారి లేవనంది. గార్నెట్ తలుపు తెరుచుకుని ఓ కాలు బయటా ఓ కాలు లోపలా పెట్టుకుని కూర్చుండిపోయాడు. లారీ దిగిన డెంజిల్ పరిగెత్తుకొచ్చాడు. ట్వైలా ఇటుపక్కా డెంజిల్ అటుపక్కా చంకల కింద చేతులేసి పైకి లాగుతుంటే, అంతమంది చూస్తుండగా, గార్నెట్ మీడర్ ఇద్దర్నీ ఎడాపెడా తిట్టాడు. ఒకళ్లు ముందు లాగుతున్నారు, ఒకళ్లు వెనక లాగుతున్నారు, ఇన్నేళ్లొచ్చాయి, మనిషిని లేవదీయడం కూడా ఎవరూ నేర్పలేదా మీకు అని.